ఫొటోకు ధర కడతాం, భయానికి కట్టం

ఖమ్మం జిల్లాలో మన సభ్యులు ఎక్కువమంది వాటాదారులుగా ఉన్న ఒక రైతు ఉత్పత్తిదారుల కంపెనీకి ఈ మధ్య ఈమెయిల్‌లో ఒక ఉత్తరం వచ్చింది. ఆరు పేజీలు, అంతా ఇంగ్లీషు. కంపెనీ వెబ్‌సైట్‌లో మిర్చి కళ్లం ఫొటో ఒకటి ఉందని, దాని కాపీరైట్ తమ ఖాతాదారుదని, అనుమతి లేకుండా వాడినందుకు 14 రోజుల్లో రూ.70,000 కట్టాలని, లేకపోతే సివిల్ దావాతో పాటు క్రిమినల్ కేసు కూడా తప్పదని దాని సారాంశం. చివరన డబ్బు కట్టడానికి ఒక లింకు.

రూ.70,000 అంటే ఎంత? 2025-26లో సాధారణ రకం వడ్లకు కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకు రూ.2,369. ఆ లెక్కన దాదాపు 30 క్వింటాళ్ల ధాన్యం. నారు పోసిన దగ్గర నుంచి కాటా వేసే దాకా ఒక కుటుంబం సీజనంతా చాకిరీ చేసి తీసిన పంటను, ఒక్క ఫొటోకు బదులుగా రెండు వారాల్లో తెచ్చి పెట్టమంటున్నారు.

ఆ కంపెనీ డైరెక్టర్ల సమావేశంలో రెండు మాటలు వినిపించాయి. ఒకటి: "కోర్టు గొడవలు మనకెందుకు, ఇచ్చేసి వదిలించుకుందాం." రెండోది: "గూగుల్‌లో దొరికిన ఫొటోకు డబ్బేంటి? చించి పారేద్దాం." ఈ రెండూ తప్పేనని సంఘం అభిప్రాయం. మొదటిది మన కష్టార్జితాన్ని బెదిరించినవాడి చేతిలో పెడుతుంది. రెండోది రేపు నిజంగా సమన్లు వచ్చిన రోజున మనల్ని ఇరుకున పెడుతుంది. ఉత్తరానికి జవాబు ఇవ్వాలి. అడగాల్సినవి అడగాలి. హక్కు రుజువైతే న్యాయమైన ధర కట్టాలి. రుజువు కాకపోతే పైసా కట్టకూడదు. ఇదే మన వైఖరి.

ఉత్తరం వెనుక ఉన్న వ్యాపారం

ఇలాంటి ఉత్తరాలు ఎవరో ఒక ఫొటోగ్రాఫర్ తన ఫొటో కనబడి, మనసు నొచ్చుకుని రాసేవి కావు. దీని వెనుక ఒక పద్ధతి ఉంది. ఫొటోలను పోల్చి చూసే సాఫ్ట్‌వేర్ రాత్రింబవళ్లు వెబ్‌సైట్లను జల్లెడ పడుతుంది. ఒక ఫొటో మరో చోట కనిపించగానే ఆ పేజీని పట్టుకుని, తేదీతో స్క్రీన్‌షాట్ తీసి, ముందే తయారుగా ఉన్న ఉత్తరంలో పేరూ మొత్తమూ నింపి పంపేస్తుంది. వసూలైన దాంట్లో ఏజెన్సీకి వాటా. ఎక్కువ మందికి పంపితే ఎక్కువ మంది భయపడతారు. భయపడిన వాళ్లలో కొందరు కడతారు. దావా వేయడానికయ్యే ఖర్చు కంటే ఉత్తరం పంపడం ఎన్నో రెట్లు చవక.

ఈ ఉత్తరాలు ఎవరికి వస్తున్నాయో చూడండి. సొంత లాయర్లున్న పెద్ద కంపెనీలు వీటికి భయపడవు. భయపడేది చిన్నవాళ్లు. చేనేత సహకార సంఘం, పల్లెటూరి బడి, విత్తనాల దుకాణం, రైతు ఉత్పత్తిదారుల కంపెనీ. 2020లో కేంద్రం 10,000 రైతు ఉత్పత్తిదారుల సంఘాలు పెట్టే పథకం మొదలుపెట్టింది. సరుకును నేరుగా అమ్ముకోవాలంటే ఆన్‌లైన్‌లో కనబడాలని అందరూ చెప్పారు. మనవాళ్లు పదో పదిహేను వేలో ఇచ్చి ఎవరితోనో వెబ్‌సైట్ చేయించుకున్నారు. అందులోని ఫొటోలు ఎక్కడి నుంచి వచ్చాయో చేసినవాళ్లు చెప్పలేదు. ఆ వెబ్‌సైట్లు ఇప్పుడు ఈ వేటకు సులువుగా దొరుకుతున్నాయి.

దీనికి తోడు అచ్చం ఇలాగే కనిపించే దొంగ ఈమెయిళ్లు కూడా తిరుగుతున్నాయి. "మీరు కాపీరైట్ ఉల్లంఘించారు, సాక్ష్యం కోసం ఇక్కడ నొక్కండి" అంటారు. నొక్కితే కంప్యూటర్‌లోకి వైరస్ వస్తుంది, లేదా బ్యాంకు వివరాలు పోతాయి. కాబట్టి ఏ ఉత్తరం వచ్చినా అందులోని లింకు నొక్కకూడదు. పంపిన సంస్థ నిజంగా ఉందా, ఉత్తరం నిజంగా వాళ్లదేనా అన్నది విడిగా విచారించుకోవాలి.

శ్రమకు ధర ఉండాల్సిందే

ఇక్కడ మనవాళ్లకే ఒక మాట చెప్పాలి. గూగుల్‌లో కనిపించినంత మాత్రాన ఫొటో ఉచితం కాదు. రోడ్డు పక్కన ఉన్నంత మాత్రాన చేను అందరిదీ కానట్టే ఇదీ. ఎండలో నిలబడి, కెమెరా కొనుక్కుని, దూరాలు తిరిగి ఒకరు ఆ ఫొటో తీశారు. అది వాళ్ల శ్రమ. గిట్టుబాటు ధర కోసం రోడ్డెక్కే సంఘం, ఇంకొకరి శ్రమ ఊరికే కావాలని అడగలేదు. జిల్లాల్లో విలేకరులతో పాటు తిరిగే ఫొటోగ్రాఫర్ల బతుకులు మనకు తెలుసు. మన ధర్నాల దగ్గర లాఠీ దెబ్బలు వాళ్లూ తిన్నారు.

కాబట్టి మన పోరాటం ఫొటోగ్రాఫర్ మీద కాదు. కాపీరైట్ అనే హక్కు మీద కూడా కాదు. మిరపకాయకు ధర కట్టినట్టే ఫొటోకూ ధర కట్టవచ్చు. మనం అడిగేది ఒక్కటే: ఆ ధర ఏ లెక్కన వచ్చింది? బజారులో ఆ ఫొటోను మామూలుగా ఎంతకు అమ్ముతున్నారు? అది రూ.1,500 అయితే, రూ.70,000 ఎక్కడిది? అందులో తీసినవాడికి ముట్టేదెంత, ఉత్తరం పంపినవాడికి మిగిలేదెంత? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పకుండా గడువు మాత్రం చెప్పేవాడు ధర అడగడం లేదు, దండుగ వసూలు చేస్తున్నాడు.

ఖమ్మం కంపెనీ ఇవే ప్రశ్నలు రాతపూర్వకంగా అడిగింది. వారం తిరగకుండా రెండో ఉత్తరం వచ్చింది. ఒక్క ప్రశ్నకూ జవాబు లేదు. కానీ "ఏడు రోజుల్లో కడితే రూ.35,000తో సరిపెడతాం" అని ఉంది. కాటా చూపించమంటే రేటు మార్చే దళారిని మనం మార్కెట్ యార్డులో చాలాసార్లు చూశాం. ఒక్క ప్రశ్నకే సగానికి పడిపోయిన ధర అసలు ధరే కాదు.

చట్టం ఏమంటోంది

భయం ఎక్కువగా తెలియనితనం నుంచి వస్తుంది. అందుకే 1957 కాపీరైట్ చట్టంలో ఫొటోల గురించి ఉన్న ముఖ్య విషయాలు ప్రతి సభ్యుడూ తెలుసుకోవాలి.

ఫొటో తీసిన వ్యక్తే దానికి కర్త. సాధారణంగా తొలి హక్కుదారు కూడా అతనే. డబ్బు తీసుకుని ఇంకొకరి కోసం తీసినప్పుడు, ఉద్యోగంలో భాగంగా తీసినప్పుడు 17వ సెక్షన్ ప్రకారం ఈ హక్కు మారుతుంది. ఫొటో తీసిన వ్యక్తి బతికున్నంత కాలం, మరణించాక మరో 60 ఏళ్ల పాటు హక్కు ఉంటుంది. రిజిస్టర్ చేయించకపోయినా హక్కు ఉంటుంది. విదేశీయులు తీసిన ఫొటోలకూ అంతర్జాతీయ ఒప్పందాల వల్ల మన దేశంలో రక్షణ ఉంది. ఇవన్నీ అవతలి పక్షానికి బలం. వీటిని దాచిపెట్టి మన వాళ్లకు లేని ధైర్యం చెప్పడం సంఘం పని కాదు.

ఇప్పుడు మనకు బలమైనవి చూద్దాం.

హక్కు ఒకరి నుంచి ఇంకొకరికి బదిలీ కావాలంటే 19వ సెక్షన్ ప్రకారం రాతపూర్వకంగా, సంతకంతో ఉండాలి. ఏ ఫొటో, ఏ హక్కులు, ఎంత కాలం, ఏ ప్రాంతం అన్నది అందులో ఉండాలి. కాలం రాయకపోతే 5 ఏళ్లు అనే లెక్క. దావా వేసే అధికారం హక్కుదారుకు, లేదా ఆ హక్కును పూర్తిగా తనకొక్కడికే తీసుకున్న లైసెన్సుదారుకు ఉంటుంది. ఫొటోను అమ్మకానికి పెట్టుకున్న మామూలు ఏజెంటు తన పేరున దావా వేయలేడు. కాబట్టి "మా ఖాతాదారు" అన్న మాట చాలదు, పత్రం కావాలి. దున్నపోతు ఈనిందంటే దూడను కట్టేయమనే రకం మనం కాకూడదు.

పరిహారం సంగతి. అమెరికా చట్టంలో ఒక్కో కృతికి ఇంత అని ముందే రాసి ఉన్న పరిహారం ఉంది. కావాలని చేసిన ఉల్లంఘనకు అది 1,50,000 డాలర్ల దాకా పోతుంది. అక్కడ కూడా సకాలంలో రిజిస్టర్ చేయించిన వాటికే ఆ సౌకర్యం. ఈ అంకెను మన పల్లెలకు పంపే ఉత్తరాల్లో కూడా రాస్తుంటారు. మన చట్టంలో అలాంటి పట్టిక లేదు. జరిగిన నష్టం ఎంతో, వచ్చిన లాభం ఎంతో దావా వేసినవాడు కోర్టులో చూపించుకోవాలి. పైగా, కాపీరైట్ ఉందని తెలియక, ఉందనుకోవడానికి కారణమూ లేక వాడినట్టు మనం రుజువు చేసుకుంటే, 55వ సెక్షన్ ప్రకారం నష్టపరిహారం ఉండదు. ఇకమీదట వాడకూడదనే ఆదేశం, ఆ ఫొటో వల్ల లాభం వచ్చి ఉంటే అందులో వాటా, అంతవరకే. అయితే ఫొటో మీద పేరో గుర్తో స్పష్టంగా ఉంటే ఈ వాదన నిలవడం కష్టం.

వార్తా సంఘటనలను తెలియజేయడానికి, విమర్శకు, సమీక్షకు న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని 52వ సెక్షన్ ఉల్లంఘనగా చూడదు. సంఘం పత్రిక ఒక సంఘటన గురించి రాసేటప్పుడు ఇది ఉపయోగపడవచ్చు. సరుకు అమ్ముకునే వెబ్‌సైట్‌లో అందం కోసం పెట్టిన ఫొటోకు మాత్రం ఇది అడ్డుపడదు. రెండింటినీ కలిపి చూడవద్దు.

ఉత్త బెదిరింపులకు 60వ సెక్షన్ విరుగుడు. ఉల్లంఘన లేని చోట కోర్టుకు లాగుతామని బెదిరిస్తే, బాధితుడే కోర్టుకు పోయి ఆ బెదిరింపులు ఆపించవచ్చు, నష్టపరిహారం కూడా అడగవచ్చు. బెదిరించినవాడు నిజంగా దావా వేసి శ్రద్ధగా నడిపితే ఈ సెక్షన్ వర్తించదు. అంటే చట్టం అతనికి చెప్పేది ఇదే: హక్కుంటే కోర్టుకు రా, లేకపోతే ఊరుకో.

ఇక క్రిమినల్ కేసు. 63వ సెక్షన్ తెలిసి చేసిన ఉల్లంఘనకు 6 నెలల నుంచి 3 ఏళ్ల దాకా జైలు, రూ.50,000 నుంచి రూ.2 లక్షల దాకా జరిమానా అంటోంది. వ్యాపార లాభం కోసం కాకపోతే శిక్ష తగ్గించే వీలు కోర్టుకు ఉంది. ఇది వారెంటు లేకుండా అరెస్టు చేయదగిన, బెయిలు హక్కుగా రాని నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. నకిలీ సరుకు తయారుచేసే ముఠాల కోసం ఉండాల్సిన ఈ సెక్షన్‌ను, ఒక్క ఫొటో మీద జరిగే డబ్బు తగాదాలో బెత్తంలా ఆడిస్తున్నారు. ఉత్తరంలో ఈ సెక్షన్ పేరు కనబడగానే గుండె జారిపోనక్కర లేదు. "తెలిసి" అన్న మాట అందులోనే ఉంది. అలాగని తేలిగ్గా తీసుకోవడమూ కుదరదు. ఉత్తరం అందాక కూడా ఫొటోను అలాగే ఉంచితే "తెలిసి" అన్న మాటకు మనమే ఆధారం ఇచ్చినట్టు.

బంగాళాదుంప కేసు నేర్పినది

రైతులకు ఈ ఆట కొత్త కాదు. 2019లో పెప్సికో కంపెనీ గుజరాత్‌లోని బంగాళాదుంప రైతుల మీద దావాలు వేసింది. తాము రిజిస్టర్ చేయించుకున్న చిప్స్ రకాన్ని అనుమతి లేకుండా పండించారన్నది ఆరోపణ. నలుగురు రైతుల్లో ఒక్కొక్కరి నుంచి కోటి రూపాయలకు పైగా అడిగింది. కోర్టులోనే ఒక రాజీ ప్రతిపాదన కూడా పెట్టింది. మా విత్తనం కొని మాకే అమ్మే ఒప్పందంలోకి రండి, లేదా ఆ రకం ఇక వేయమని రాసివ్వండి, వదిలేస్తామంది.

రైతులు రాసివ్వలేదు. దేశమంతటా రైతు సంఘాలు కదిలాయి. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టంలోని 39వ సెక్షన్ చదివి వినిపించాయి. బ్రాండు వేసి అమ్మనంత వరకు, రక్షణ పొందిన రకం విత్తనాన్నైనా దాచుకునే, విత్తుకునే, ఇచ్చిపుచ్చుకునే, అమ్ముకునే హక్కు రైతుకు ఉందని ఆ సెక్షన్ చెబుతోంది. 2019 మే నెలలో కంపెనీ దావాలు ఉపసంహరించుకుంది. తర్వాత ఆ రకం రిజిస్ట్రేషన్ 2021 డిసెంబరులో రద్దయింది. 2024 జనవరిలో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి ఆ రద్దును కొట్టివేసింది. కంపెనీ రిజిస్ట్రేషన్ నిలబడినా, 39వ సెక్షన్ చట్టంలో అలాగే ఉంది. రైతు హక్కూ అలాగే ఉంది.

విత్తనం వేరు, ఫొటో వేరు. విత్తనం విషయంలో రైతుకు ఉన్నంత హక్కు ఫొటో విషయంలో లేదు. కానీ బెదిరించే తీరు ఒక్కటే. భారీ అంకె చెప్పడం, కోర్టు పేరు ఎత్తడం, ఆ వెంటనే సంతకం పెడితే వదిలేస్తామనడం. ఎదుర్కొనే తీరు కూడా ఒక్కటే. ఒంటరిగా సంతకం పెట్టకపోవడం, చట్టం తెరిచి చదవడం, సంఘంతో కలిసి నిలబడటం.

ఉత్తరం వస్తే చేయాల్సిన పనులు

మొదట, తేదీ రాసి పెట్టుకోండి. కవరు, ఈమెయిలు దేన్నీ చెరపవద్దు. ఫోను చేసి మాట్లాడవద్దు. ఫోనులో మర్యాదకు అన్న "అవునండీ, పొరపాటైంది" అనే మాటే రేపు ఒప్పుకోలుగా వస్తుంది. ఏం చెప్పినా రాతలోనే చెప్పాలి.

రెండు, వెబ్‌సైట్‌లో ఆ ఫొటో ఎక్కడుందో, ఎప్పటి నుంచి ఉందో స్క్రీన్‌షాట్ తీసి దాచుకోండి. తర్వాత ఫొటోను తీసేయండి. పేజీలో కనబడకుండా చేస్తే చాలదు, సర్వర్‌లో ఉన్న ఫైలు కూడా పోవాలి. తీసేయడం తప్పు ఒప్పుకోవడం కాదు. పరిహారం దావాకు 3 ఏళ్ల కాలపరిమితి ఉంది. ఫొటో అక్కడే ఉంటే రోజూ కొత్తగా ఉల్లంఘన జరుగుతోందని వాదిస్తారు.

మూడు, వెబ్‌సైట్ చేసినవాళ్ల బిల్లు, ఒప్పందం, ఈమెయిళ్లు బయటికి తీయండి. ఫొటో వాళ్లు ఎక్కడ కొన్నారో రాతపూర్వకంగా అడగండి. లైసెన్సు కొని ఉంటే ఆ రసీదుతోనే వ్యవహారం ముగిసిపోవచ్చు. ఉచిత లైసెన్సు కింద తీసుకుని ఉంటే, ఆ లైసెన్సు ఏ రకమో చూడండి. క్రియేటివ్ కామన్స్ లైసెన్సుల్లో ఫొటో తీసినవారి పేరు రాయాలనే షరతు ఉంటుంది. పేరు రాయలేదని డబ్బు అడిగేవాళ్లూ ఉన్నారు. 2013లో వచ్చిన 4.0 రకం లైసెన్సులో ఒక వెసులుబాటు ఉంది. లోపం తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే ఆ అనుమతి దానంతట అదే తిరిగి వస్తుంది. పాత రకాల్లో ఈ వెసులుబాటు లేదు.

నాలుగు, గడువులోగా ఒక చిన్న జవాబు పంపండి. అందులో వాదన వద్దు, క్షమాపణ వద్దు. ఇవి అడగండి: ఫొటో ఎవరు తీశారు, ఎప్పుడు, ఎక్కడ మొదట ప్రచురించారు? హక్కు బదిలీ అయిన సంతకం పత్రం ఏది? వారి తరఫున వసూలు చేయడానికి మీకు ఇచ్చిన అధికార పత్రం ఏది? మేము వాడిన విధంగా వాడుకోవడానికి ఆ ఫొటోను ఇతరులకు ఎంతకు అమ్మారు, దాని ఆధారాలేవి? మీరు అడిగిన మొత్తం ఏ లెక్కన వచ్చింది? "మా హక్కులకు భంగం లేకుండా ఈ జవాబు ఇస్తున్నాం" అని చివరన రాయండి.

ఐదు, ఆధారాలన్నీ చూపిస్తే మొండికి పోవద్దు. ఆ ఫొటోకు మామూలు లైసెన్సు ధర ఎంతో అంత ఇస్తామని చెప్పండి. డబ్బు ఇచ్చే ముందే, గతంలో వాడినదంతా కలిపి ఇదే తుది పరిష్కారమని, ఇది తప్పు ఒప్పుకోవడం కాదని, హక్కుదారు కూడా దీనికి కట్టుబడతారని రాయించుకోండి. ఆధారాలు చూపకపోతే ఒక్క వాక్యం చాలు: "హక్కు రుజువు చేసే వరకు మీ డిమాండును అంగీకరించం."

ఆరు, లాయరు నోటీసుకూ కోర్టు సమన్లకూ తేడా తెలుసుకోండి. నోటీసు ఒక ప్రైవేటు వ్యక్తి రాసిన ఉత్తరం. సమన్లు కోర్టు ఇచ్చే ఆదేశం. సమన్లు వస్తే ఒక్క రోజు కూడా జాగు వద్దు. 30 రోజుల్లో లిఖిత జవాబు దాఖలు చేయాలి. లేకపోతే ఏకపక్షంగా తీర్పు రావచ్చు. ఎస్సీ, ఎస్టీ రైతులకు, మహిళలకు, ఆదాయ పరిమితిలోపు ఉన్నవారికి 1987 చట్టం ప్రకారం జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితంగా లాయరు సాయం దొరుకుతుంది. ఉత్తరం అందిన రోజే సంఘం జిల్లా కార్యాలయానికి దాని నకలు పంపండి.

ఫొటోలో ఉన్న రైతు సంగతేమిటి?

హక్కుల గురించి ఇంత మాట్లాడే ఈ వ్యాపారంలో ఒకరి పేరు మాత్రం ఎక్కడా రాదు. ఫొటోలో ఉన్న మనిషి పేరు. ఎండిన చెరువులో నెత్తిన చేయి పెట్టుకున్న రైతు, నాట్లేసే కూలీ తల్లి, ఎర్రటి కళ్లంలో మిరపకాయలు ఏరే ఆడవాళ్లు. వీళ్ల ముఖాలు ఫొటోల అంగట్లో అమ్మకానికి ఉన్నాయి. వీళ్లకు రూపాయి రాదు. చాలామందికి తమ ఫొటో అమ్ముడవుతోందని కూడా తెలియదు.

ఇది ఇప్పటి సంగతే కాదు. 1936లో అమెరికాలోని కాలిఫోర్నియాలో, నిపోమో అనే చోట బఠాణీ కోతకు వచ్చిన ఒక కూలీ తల్లిని డొరోతియా లాంగ్ ఫొటో తీసింది. "మైగ్రెంట్ మదర్" పేరుతో అది ప్రపంచమంతా తిరిగింది. ఆ తల్లి ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్. ఆమె ఎవరో లోకానికి తెలిసింది 1978లో. ఆ ఫొటో నుంచి తనకు ఏమీ రాలేదని ఆమె బాధపడింది. అయితే అందులో ఒక మంచి సంగతి కూడా ఉంది. ప్రభుత్వ జీతం మీద తీసిన ఫొటో కాబట్టి అమెరికా చట్టం ప్రకారం దాని మీద ఎవరికీ కాపీరైట్ లేదు. ఎవరైనా వాడుకోవచ్చు.

ఇంకో సంగతి కూడా అమెరికాదే. కరోల్ హైస్మిత్ అనే ఫొటోగ్రాఫర్ తన వేలాది ఫొటోలను ప్రజలందరి వాడకం కోసం లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌కు ఇచ్చేసింది. అలా ఇచ్చిన తన ఫొటోనే తన సొంత సంస్థ వెబ్‌సైట్‌లో పెట్టుకున్నందుకు 120 డాలర్లు కట్టమని ఒక వసూలు సంస్థ నుంచి ఆమెకే ఉత్తరం వచ్చింది! 2016లో ఆమె గెట్టీ ఇమేజెస్ తదితర సంస్థల మీద దావా వేసింది. ప్రజలకు వదిలేసిన ఫొటోల మీద కాపీరైట్ దావా నిలవదని కోర్టు ప్రధాన వాదనలను కొట్టివేసింది, మిగిలినవి రాజీతో ముగిశాయి. దావా ఓడినా మనకు ఒక విషయం తేలింది. ఒక ఏజెన్సీ ఒక ఫొటోను అమ్ముతోందంటే అది ఆ ఏజెన్సీ సొత్తని అర్థం కాదు. అందుకే పత్రం చూపించమని అడగాలి.

మన దేశంలో పరిస్థితి తలకిందులుగా ఉంది. ప్రభుత్వం తీయించిన ఫొటోల మీద ప్రభుత్వానికే 60 ఏళ్ల కాపీరైట్. గులాబీ రంగు పురుగు ఎలా ఉంటుందో, మిరపలో తామర పురుగు ఆకును ఎలా ముడుస్తుందో రైతుకు చూపాలంటే మంచి ఫొటో కావాలి. లాం ఫారంలో, రాజేంద్రనగర్‌లో మన పన్నుల డబ్బుతో, మన పొలాల్లోనే అలాంటి ఫొటోలు తీస్తున్నారు. వాటిని స్వేచ్ఛగా వాడుకోండని స్పష్టంగా చెప్పి ఒక చోట పెడితే, ఏ రైతు సంఘమూ ఎవరి ఫొటో కోసమూ వెతుక్కోనక్కర లేదు.

మన చేతిలో ఉన్న పని కూడా ఒకటి ఉంది. ఖమ్మం కంపెనీ గోదాము తలుపు తీస్తే ఎదురుగా మిర్చి కళ్లమే. మన పంట, మన కళ్లం, మన మనుషులు. ఇంటింటా ఫోను ఉంది. ప్రతి మండల కమిటీ తన ఊరి పంటలను, పురుగులను, తెగుళ్లను, పనిముట్లను, సభలను ఫొటోలు తీసి, తీసినవారి పేరు, తేదీ, ఊరు రాసి, వాడుకోవడానికి అనుమతి ఇస్తూ సంతకం చేసిన కాగితంతో సహా జిల్లా కార్యాలయంలో జమ చేయాలి. ఫొటోలో ఉన్నవారిని అడిగి తీయాలి. వాడిన ప్రతి చోటా తీసినవారి పేరు రాయాలి. వెబ్‌సైట్ చేయించుకునే కంపెనీలు, "ఫొటోల హక్కులకు బాధ్యత తయారుచేసినవారిదే" అనే వాక్యం ఒప్పందంలో ఉంటేనే బిల్లు చెల్లించాలి.

మన డిమాండ్లు

ఒకటి: చిన్న సంఘాలు, సహకార సంస్థలు, బడులు, రైతు కంపెనీల విషయంలో ముందు ఫొటో తీసేయమని నోటీసు ఇవ్వాలి. ఆ గడువు దాటాకే డబ్బు డిమాండుకు వీలుండేలా కాపీరైట్ చట్టాన్ని సవరించాలి.

రెండు: డబ్బు అడిగే ప్రతి నోటీసుతో పాటు హక్కు పత్రం, అధికార పత్రం, మామూలు లైసెన్సు ధర ఆధారం జతచేయడం తప్పనిసరి చేయాలి. మామూలు ప్రజలకు పంపే తొలి నోటీసు మీద లాయరు ఖర్చుకు జర్మనీ 2013లోనే చట్టంతో కళ్లెం వేసింది. మన దగ్గరా వేయాలి.

మూడు: దొంగ సరుకు వ్యాపారం లేని చోట, ఫొటోల తగాదాలను 63వ సెక్షన్ నుంచి తప్పించాలి. డబ్బు వసూలు కోసం అరెస్టు బెదిరింపును వాడుకోవడాన్ని శిక్షించాలి.

నాలుగు: ఆచార్య ఎన్.జి. రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం, ప్రొఫెసర్ జయశంకర్ తెలంగాణ వ్యవసాయ విశ్వవిద్యాలయం, రెండు రాష్ట్రాల వ్యవసాయ, సమాచార శాఖలు తమ ఫొటోలను పేరు చెప్పి ఎవరైనా ఉచితంగా వాడుకునేలా విడుదల చేయాలి.

ఈ డిమాండ్ల మీద వచ్చే నెల మండల సభల్లో తీర్మానాలు చేసి, పార్లమెంటు సభ్యులకు, రెండు రాష్ట్రాల వ్యవసాయ మంత్రులకు పంపాలని కోరుతున్నాం. ఇలాంటి ఉత్తరాలు వచ్చిన సభ్యులు, కంపెనీలు వెంటనే మా దృష్టికి తేవాలి. ఒక్కొక్కరికి విడివిడిగా వచ్చినప్పుడు ఇది ఒకరి కష్టం. ఒక చోట చేర్చితే ఎవరు, ఎందరికి, ఏ లెక్కన పంపుతున్నారో బయటపడుతుంది. ఆ లెక్క బయటపెట్టే దాకా ఏ సభ్యుడూ ఒంటరిగా సంతకం పెట్టవద్దు, ఒంటరిగా డబ్బు కట్టవద్దు.